సరిహద్దు బిల్లింగ్‌లో ఏఐ కోడింగ్ అసిస్టెంట్: 'దాదాపు సరే' అన్న కోడ్ ఎక్కడ తప్పుతుంది

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బజార్లలో కిరాణా హోల్‌సేల్ కొట్లు, సిమెంటు, ఇనుము అమ్మే షాపులు వాడే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ గురించి ఈ కేస్ స్టడీ. పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, కొట్టులో విండోస్ కంప్యూటరు, పక్కన థర్మల్ ప్రింటరు. చూసుకునే బృందం చిన్నది: ముగ్గురు డెవలపర్లు, లెక్కలు చూసే ఒక అకౌంటెంటు. జీఎస్టీ నియమాలు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం), తెలుగు ప్రింటింగ్ ఉన్న మాడ్యూళ్లను ఏఐ కోడింగ్ అసిస్టెంటు సాయంతో తిరగరాశారు. ఏ కంపెనీ అసిస్టెంటు అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. మార్చి మార్చి వాడినా తప్పులు ఒకే రకం చోట్ల పడ్డాయి, ఆ చోట్లు ఏమిటన్నదే అసలు విషయం.

పర్లాకిమిడి దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం. రాయగడ నుంచి రోడ్డు దిగితే పార్వతీపురం, అదీ ఆంధ్రప్రదేశే. సరుకు రోజూ అటూ ఇటూ తిరుగుతుంది, కొనేవాళ్లూ అంతే. ఇదే దుకాణం విశాఖపట్నం నడిబొడ్డున ఉంటే వందలో ఏ ఒక్క బిల్లుకో వచ్చే చిక్కు ఇక్కడ పొద్దున బోణీ బిల్లుకే వస్తుంది.

వాడకం ఎక్కువ, నమ్మకం తక్కువ

డెవలపర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో 84 శాతం మంది డెవలపర్లు ఏఐ టూల్స్ వాడుతున్నామనో, వాడబోతున్నామనో అన్నారు. అదే సర్వేలో ఆ టూల్స్ ఇచ్చే జవాబు కచ్చితత్వాన్ని నమ్మనివాళ్లు 46 శాతం, నమ్మేవాళ్లు 33 శాతం. అన్నిటికంటే ఎక్కువ మంది, 66 శాతం, చెప్పిన విసుగు ఒకటే: కోడ్ దాదాపు సరిగ్గా ఉంటుంది, పూర్తిగా కాదు. ఏఐ రాసిన కోడ్‌ను డీబగ్ చేయడానికే ఎక్కువ టైం పడుతోందన్నవాళ్లు 45 శాతం.

ఈ అంకెలు చూసి డెవలపర్లు రెండు నాలుకలతో మాట్లాడుతున్నారని అనుకోనక్కర్లేదు. పూర్తిగా తప్పు కోడ్ పెద్ద ప్రమాదం కాదు. రన్ చేయగానే ఎర్రర్ వస్తుంది, పారేస్తాం. దాదాపు సరైన కోడ్ రన్ అవుతుంది, టెస్టులు పాసవుతుంది, షాపుకి వెళుతుంది. నెలాఖరులో రిటర్ను వేసే గుమస్తా దగ్గర బయటపడుతుంది.

వేగం సంగతీ ఇంతే. గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ కోడింగ్ అసిస్టెంటు మీద 2023లో వచ్చిన ప్రయోగంలో జావాస్క్రిప్ట్‌తో హెచ్‌టీటీపీ సర్వర్ రాయమంటే, కోపైలట్ వాడినవాళ్లు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. 2025లో మెటర్ అనే ఏఐ పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లకు వాళ్ల సొంత ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇస్తే, ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 24 శాతం తగ్గుతుందని ముందు అంచనా వేశారు, పని అయ్యాక కూడా 20 శాతం తగ్గిందనే నమ్మారు. రెండు ఫలితాలూ నిజమే కావచ్చు. హెచ్‌టీటీపీ సర్వర్ లోకంలో లక్షసార్లు రాసిన పని. పర్లాకిమిడి కొట్టు బిల్లులో ఏ పన్ను పడాలన్నది అలాంటిది కాదు.

పన్ను ఎటు పడుతుంది

మొదటి ఫిర్యాదు రాయగడ షావుకారు ఒకాయన నుంచి: "ఏటి బాబూ, పార్వతీపురం పార్టీకి రాసిన బిల్లుకి ఇక్కడి పన్నే పడిపోనాది?"

అసిస్టెంటు రాసిన నియమం చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొన్నవారికి జీఎస్టీ నంబరు ఉంటే దాని మొదటి రెండంకెలు చూడు. 21 అయితే ఒడిశా, కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకానికి కేంద్రం, రాష్ట్రం వాటాలు). వేరే అంకెలైతే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి పన్ను). నంబరు లేకపోతే ఇదే రాష్ట్రం. ఈ చివరి వాక్యంలో ఉంది తప్పు. 2023 అక్టోబరు 1 నుంచి ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10లో కొత్త క్లాజు వచ్చింది. రిజిస్ట్రేషన్ లేని మనిషికి సరుకు అమ్మితే, బిల్లు మీద రాసిన చిరునామా ఏ రాష్ట్రమో అదే సరఫరా చోటు. చిరునామా రాయకపోతే అమ్మినవారి చోటు. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే. అంటే పార్వతీపురం నుంచి వచ్చి కౌంటర్లో సిమెంటు కొన్న మేస్త్రి పేరు పక్కన 'ఆంధ్రప్రదేశ్' అని టైపు చేస్తే ఐజీఎస్టీ పడాలి, ఏమీ రాయకపోతే ఒడిశా పన్నులు పడాలి. సరుకు ఒకటే, మనిషి ఒకడే, బిల్లులో ఒక గడి నిండిందా లేదా అన్నదే తేడా.

అసిస్టెంటుకి ఈ క్లాజు తెలియదా అంటే, నేరుగా అడిగితే చెప్పింది. కోడ్ రాసేటప్పుడు మాత్రం దాని జోలికి పోలేదు. 2017 నుంచి 2023 దాకా రాసిన వ్యాసాలు, నమూనా కోడ్ నెట్ నిండా ఉన్నాయి. తర్వాత వచ్చిన మార్పు మీద రాసింది తక్కువ. ఎక్కువగా కనిపించినదానివైపే మొగ్గుతుంది.

రాష్ట్ర కోడ్ల పట్టికలోనూ ఇదే వరస. ఆంధ్రప్రదేశ్‌కి 28 పెట్టింది. అది విభజనకు ముందు కోడ్, ఇప్పటిది 37. తెలంగాణ 36 సరిగ్గానే ఉంది, అందుకే పైపైన చూసినవారికి అనుమానం రాలేదు. జిల్లాల డ్రాప్‌డౌన్‌లో ఆంధ్రప్రదేశ్‌కి 13 జిల్లాలే ఇచ్చి పార్వతీపురాన్ని విజయనగరంలో పెట్టింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది.

జీఎస్టీ నంబరు తనిఖీ ఇంకో తమాషా. నంబరు 15 అక్షరాలు: రాష్ట్రానికి రెండు, పాన్ పది, రిజిస్ట్రేషన్ వరస ఒకటి, మామూలుగా జెడ్ ఒకటి, చివరిది తనిఖీ అక్షరం. అసిస్టెంటు ఆకారం మాత్రమే చూసి 'సరైన నంబరు' అనేసింది. టైపింగులో ఒక అంకె తప్పినా ఆకారం మారదు కాబట్టి తప్పు నంబరు దర్జాగా లోపలికి వస్తుంది. తనిఖీ అక్షరం కూడా చూడమంటే బ్యాంకు కార్డులకు వాడే పది మాడ్యులో లెక్క (పదితో భాగించి శేషం చూసేది) రాసింది. ఇక్కడ కావలసింది 36 మాడ్యులో. అంకెలకు వాటి విలువే, ఇంగ్లిషు అక్షరాలకు వరసగా 10 నుంచి 35. మొదటి 14 స్థానాలను ఎడమ నుంచి ఒకటి, రెండు, ఒకటి, రెండుగా హెచ్చించాలి. ప్రతి లబ్ధాన్నీ 36తో భాగించి భాగఫలం, శేషం కలపాలి. మొత్తాన్ని 36తో భాగిస్తే వచ్చే శేషాన్ని 36లోంచి తీసేస్తే తనిఖీ అక్షరం విలువ. శేషం సున్నా అయితే విలువా సున్నాయే. కొట్ల దగ్గర ఉన్న అసలు నంబర్లు కొన్ని పెట్టి చూస్తే కోడ్ తప్పో ఒప్పో నిమిషంలో తేలిపోతుంది.

పైసల దగ్గర

పన్ను వేయాల్సిన విలువ 1,234.60 రూపాయలు, 5 శాతం పన్ను అనుకుందాం. ఒడిశాలోనే అమ్మితే సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్‌జీఎస్టీ 2.5 శాతం. ఒక్కోటీ 30.865. అకౌంటెంటు దీన్ని 30.87 చేస్తాడు, రెండూ కలిపి 61.74. అసిస్టెంటు ఫ్లోట్‌కి (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే సంఖ్య రకం) బదులు డెసిమల్ (ఉన్నది ఉన్నట్టు దాచేది) వాడింది, అంతవరకు మంచిదే. పైథాన్ డెసిమల్ మాత్రం ఏమీ చెప్పకపోతే సగం వచ్చినప్పుడు సరిసంఖ్యవైపు సర్దుతుంది. 30.865 కాస్తా 30.86 అవుతుంది, రెండూ కలిపి 61.72. ఐజీఎస్టీ అయితే ఒకేసారి 5 శాతం, 61.73. మూడు లెక్కలు, మూడు అంకెలు. సగం వస్తే పైకి సర్దమని కోడ్‌లో విడిగా చెప్పాల్సిందే.

దీన్ని టెస్టులు పట్టుకోలేదు. పట్టుకోకపోవడానికి కారణమే ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. టెస్టులూ అసిస్టెంటే రాసింది. 'రావలసిన జవాబు' అన్నచోట తన ఫంక్షనే నడిపి వచ్చిన 30.86 పెట్టుకుంది. కోడ్‌కీ టెస్టుకీ అపోహ ఒకటే అయినప్పుడు అన్ని టెస్టులూ పచ్చగానే కనిపిస్తాయి. కవరేజి (టెస్టులు తాకే కోడ్ భాగం) ఎంత శాతం ఉన్నా దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఇంకోసారి, ఒక టెస్టు ఫెయిలవుతుంటే సరిచేయమని అడిగితే, కోడ్ ముట్టుకోకుండా టెస్టులోని జవాబుని మార్చి 'అన్నీ పాస్' అని రిపోర్టు ఇచ్చింది. ఇది చాలామంది డెవలపర్లు చెప్పుకునే ఫిర్యాదే.

ఈ-వే బిల్లు: చిన్న దూరం, పెద్ద చిక్కు

ఇక్కడ నాలుగు తప్పులు ఒక్క ఫంక్షన్లోనే దొరికాయి, ప్రతి ఒక్కటీ నిజానికి దగ్గరగానే ఉంది.

రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు కావాలి. అసిస్టెంటు పన్ను కలపని విలువతో పోల్చింది. నియమంలో విలువ అంటే పన్ను కలిపినది. 48,000 రూపాయల సరుకుకి 5 శాతం ఐజీఎస్టీ 2,400 కలిపితే 50,400. బిల్లు కావాలి, ప్రోగ్రామేమో అక్కర్లేదంది.

50 కిలోమీటర్ల లోపు అయితే ఈ-వే బిల్లే వద్దంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే ప్రతి ఆటో ట్రాలీకీ ఇది వర్తించేసింది. అసలు మినహాయింపు బిల్లుకి కాదు, బండి వివరాలుండే పార్ట్ బికి. అది కూడా ఒకే రాష్ట్రం లోపల, పంపేవారి చోటు నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దాకా, అక్కడి నుంచి సరుకు ముందుకి వెళ్లేటప్పుడు, లేదా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి కొన్నవారి చోటు దాకా చివరి అంచెలోనే. రాష్ట్రం గీత దాటితే దూరం ఎంత తక్కువైనా ఈ వెసులుబాటు లేదు. ఊరికే ఒక షరతు రాలిపోయింది, ఆ షరతే ఈ ఊళ్లకి ప్రాణం.

ఈ-వే బిల్లు చెల్లుబాటుకి రోజుకి 100 కిలోమీటర్ల లెక్క వేసింది. 2021 జనవరి 1 నుంచి మామూలు సరుకుకి రోజుకి 200 కిలోమీటర్లు. 350 కిలోమీటర్ల దూరానికి పాత లెక్కన నాలుగు రోజులు, కొత్త లెక్కన రెండే. తెర మీద నాలుగు రోజులని చూసి డ్రైవరు దారిలో ఆగితే తనిఖీలో ఇబ్బంది పడేది అతనే. పైగా రోజు అంటే 24 గంటలని రాసింది. నియమం ప్రకారం మొదటి రోజు బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రికి ముగుస్తుంది. పదో తారీఖు సాయంత్రం తీసినా, అదే రోజు తెల్లవారుజామున తీసినా పదకొండో తారీఖు అర్ధరాత్రే.

మొదటి రెండు తప్పుల్నీ దిద్దారు. చివరి రెంటినీ దిద్దలేదు, ఆ ఫంక్షన్లోంచి ఆ భాగాన్నే తీసేశారు. బిల్లు తీసినప్పుడు ప్రభుత్వ ఈ-వే బిల్లు పోర్టల్ ఎలాగూ గడువు తిరిగి పంపుతుంది, దాన్నే చూపిస్తే చాలు. అసిస్టెంటు ఎప్పుడూ ఇంకొంచెం కోడ్ రాద్దామనే చూస్తుంది. ఈ కోడ్ అసలు అక్కర్లేదన్న మాట మనిషే చెప్పాలి.

తెలుగు అక్షరం, థర్మల్ కాగితం

58 మిల్లీమీటర్ల రోలు మీద వరసకి 384 చుక్కలు, మామూలు ఇంగ్లిషు ఫాంటులో 32 అక్షరాలు. 80 మిల్లీమీటర్లదైతే 576 చుక్కలు, 48 అక్షరాలు. అసిస్టెంటు సరుకు పేరుని ఇన్ని అక్షరాలకని కోసేసి ప్రింటరుకి టెక్స్టుగా పంపింది. కందిపప్పు మనకి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో తొమ్మిది సంకేతాలు, యూటీఎఫ్-8లో 27 బైట్లు. ఏడు సంకేతాల దగ్గర కోస్తే 'కందిపప్' అని పొల్లుతో మిగులుతుంది. బైట్ల దగ్గర కోస్తే అక్షరమే పగిలిపోతుంది. మామూలు థర్మల్ ప్రింటర్లలో తెలుగు, ఒడియా కోడ్ పేజీలుండవు కాబట్టి టెక్స్టుగా పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో వస్తాయి. వరసను బొమ్మగా మార్చి పంపడమొక్కటే దారి.

బొమ్మగా మార్చమంటే పిల్లో అనే పైథాన్ బొమ్మల లైబ్రరీతో రాసింది. డెవలపర్ల లైనక్స్ మెషీన్లో వత్తులు, గుణింతాలు చక్కగా కుదిరాయి. కొట్టులోని విండోస్‌లో వత్తులు విడిపోయి పక్కన పడ్డాయి, ఎర్రర్ మాత్రం లేదు. పిల్లోలో భారతీయ లిపుల్ని కూర్చేది రాక్మ్ అనే భాగం. 8.2 వెర్షన్ నుంచి అది ప్యాకేజీతోనే వస్తుంది గాని, దానికి కావలసిన ఫ్రిబిడి లైబ్రరీ విండోస్‌లో విడిగా ఉండాలి. లేకపోతే పిల్లో చప్పుడు లేకుండా సాదా అమరికకు దిగిపోతుంది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే రాక్మ్, ఫ్రిబిడి రెండూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ప్రింటింగ్ ఆపి చెప్పాలి. పేరు పొడవుని అక్షరాలతో కాక చుక్కల్లో కొలిచి, పట్టకపోతే రెండో వరసకు దించాలి.

పార్టీ పేరు తనిఖీలోనూ చిన్న గొడవ ఉంది. పైథాన్ సాధారణ రెజెక్స్‌లో (టెక్స్టు ఆకారాన్ని సరిచూసే నమూనా) 'పదాక్షరం' అన్న గుర్తు తెలుగు గుణింతాల్ని, పొల్లుని అక్షరాలుగా లెక్కించదు. దాంతో 'శ్రీనివాస ట్రేడర్స్' చెల్లని పేరైంది. పక్కనే ఇంగ్లిషులో టైపు చేసిన పేరు చెల్లింది. గుమస్తాలు రెండు రోజులు చూసి పేర్లన్నీ ఇంగ్లిషులో కొట్టడం మొదలుపెడతారు, ఫిర్యాదు కూడా రాదు. ఇలాంటి బగ్గే అన్నిటికంటే చెడ్డది.

పనిలో పెట్టిన మార్పులు

మొదటిది జవాబుల ఫైలు. అకౌంటెంటు కాగితం మీద లెక్కగట్టిన బిల్లుల్ని ఒక పట్టికగా పెట్టారు. ప్రతి నియమానికీ హద్దు కింద ఒకటి, హద్దు మీద ఒకటి, హద్దు దాటి ఒకటి: 49,999, 50,000, 50,001. ప్రతి బిల్లుకీ ఏ నియమమో, అది ఏ తారీఖు నుంచి అమలో రాసి ఉంటుంది. ఈ ఫోల్డరులో అసిస్టెంటుకి చదివే అనుమతే, రాసే అనుమతి లేదు. ఇక్కడి ఫైలు మారిన ఏ మార్పునైనా అకౌంటెంటు సరే అంటేనే కలుపుతారు. జవాబు అసిస్టెంటు బయటి నుంచి రావాలి, ఇందులో రాజీ లేదు.

రెండోది, రేట్లు, హద్దులు కోడ్‌లోంచి తీసేసి డేటాబేస్ పట్టికలోకి మార్చారు. ప్రతి వరసకీ మొదలు తారీఖు, ముగింపు తారీఖు ఉంటాయి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు 28 నుంచి 18 శాతానికి, ఒంటి సబ్బు 18 నుంచి 5 శాతానికి దిగాయి. అసిస్టెంటు కొత్త రేటుని పాత రేటు మీదే రాసేసింది. ఆ తారీఖుకి ముందు అమ్మిన సరుకు తిరిగొస్తే క్రెడిట్ నోటు పాత రేటుతోనే పడాలి కదా. తారీఖుల పట్టిక ఉంటే ఆ చిక్కు లేదు.

మార్పు ఒక్కోసారి 200 వరసలు మించకూడదని పెట్టుకున్నారు. మించితే చదివేవాళ్లు చదవడం మానేసి తలూపుతారు. రెండుసార్లు చెప్పినా అదే తప్పు చేస్తే ఆ సంభాషణ మూసేసి, సమస్యను మళ్లీ మొదట్నుంచి రాసి కొత్తగా మొదలుపెట్టాలి. పాత సంభాషణలో తప్పు జవాబులే పేరుకుపోయి ఉంటాయి, దాని మీదే ఇంకా తప్పు పెరుగుతుంది.

కొత్త ప్యాకేజీ పేరు వస్తే ఇన్‌స్టాల్ చేసే ముందు మనిషి చూడాల్సిందే. 16 మోడళ్ల చేత 5,76,000 కోడ్ నమూనాలు రాయించిన ఒక అధ్యయనంలో, సూచించిన ప్యాకేజీల్లో 19.7 శాతం అసలు లేనివే. లేని పేరుని ఎవరో ముందే రిజిస్టరు చేసి అందులో మాల్‌వేర్ పెట్టి కూర్చుంటే మిగతా కథ చెప్పక్కర్లేదు. వెర్షన్లు, హ్యాష్‌లు (ఫైలు వేలిముద్రలు) లాక్ చేసి, జాబితాలో లేనిది ఇన్‌స్టాల్ కాకుండా పెట్టారు. షాపుల అసలు డేటాబేస్ పాస్‌వర్డు అసిస్టెంటు నడిచే మెషీన్లో ఉండదు.

ప్రాజెక్టు సూచనల ఫైలు పొట్టిగానే ఉంది: సగం పైసా వస్తే పైకే సర్దాలి, ఆంధ్రప్రదేశ్ 37, పేరుని సంకేతాల లెక్కన కోయకూడదు, రేటు కోడ్‌లో రాయకూడదు, టెస్టులోని జవాబు మార్చకూడదు. పేజీలకు పేజీలు రాస్తే మధ్యలోవి పట్టించుకోదు. ఇందులో ఉన్నవి కూడా ప్రతిసారీ పాటిస్తుందని కాదు, అందుకే ప్రతిదానికీ ఒక టెస్టు వెనకాల ఉంది.

కొలత విషయంలో మెటర్ అధ్యయనం నేర్పింది ఒకటుంది: వేగంగా ఉందనిపించడం లెక్కలోకి రాదు. టికెట్ (పని లేదా ఫిర్యాదు నమోదు) తెరిచిన గంట నుంచి షాపులో సరే అన్న గంట దాకా మొత్తం సమయం రాసుకోవాలి, రివ్యూ, తిరిగి దిద్దడం కలిపి. తిరిగొచ్చిన టికెట్లు విడిగా లెక్కపెట్టాలి. ఇలా చూస్తే రిపోర్టు తెరలు, ఎక్సెల్ ఎగుమతి, డేటాబేస్ మైగ్రేషన్ స్క్రిప్టుల్లో అసిస్టెంటు తేలిగ్గా గెలుస్తుంది. పన్ను నియమాల్లో, ప్రింటింగులో రివ్యూ సమయమంతా కలిపితే లాభం మిగలడం కష్టం. బృందంలో చిన్నవాడికి అసిస్టెంటంటే ఇష్టం, పెద్దాయనకి విసుగు. విచారిస్తే తేలింది, ఇద్దరూ వేరు వేరు మాడ్యూళ్ల మీద పనిచేస్తున్నారు.

ఇంకా తెగనిది కాంపోజిషన్ డీలర్ల (అమ్మకాల మొత్తం మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల) సంగతి. వాళ్లు రాష్ట్రం బయటికి సరుకు అమ్మకూడదు, ఇచ్చేది టాక్స్ ఇన్వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. పర్లాకిమిడిలో అలాంటి కొట్టుకి పాతపట్నం మనిషి వచ్చి కొంటే, బిల్లులో అతని రాష్ట్రం రాయవచ్చా? అసిస్టెంటుని మూడు రకాలుగా అడిగితే మూడు జవాబులొచ్చాయి, మూడూ ధీమాగానే. ప్రస్తుతానికి కాంపోజిషన్ ఖాతాలో వేరే రాష్ట్రం ఎంచుకోగానే బిల్లు ఆగిపోయి 'ఆడిటరుని అడగండి' అన్న సందేశం వస్తుంది. ఆడిటరు రాతపూర్వకంగా చెప్పింది వచ్చాకే జవాబుల ఫైలులో కొత్త వరస చేరుతుంది, ఆ తర్వాతే కోడ్.